చలికాలం సాయంత్రాల్లో ఊరందరికీ మైకు: పాట, పద్యం, కవిత కలిపి పల్లెలో ఎలా నడపాలి?

కాలవగట్టు (ముమ్మిడివరం వైపు) – డిసెంబరు 2, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో ఒక పల్లె. సార్వా (వానాకాలం వరి) కోతలు దాదాపు అయిపోయాయి, తుపాన్ల భయం తగ్గింది, ధనుర్మాసం వస్తోంది. ఈ చలికాలంలో వారానికి ఒక సాయంత్రం ఊళ్లో ఎవరైనా సరే వచ్చి పాట పాడుకునే, పద్యం చదివే, తాను రాసుకున్న కవిత వినిపించే ఏర్పాటు చేయాలని మేం కొందరం అనుకున్నాం. నగరాల్లో ఓపెన్ మైక్ అంటున్నారే, అదే. ఆహ్వానాలు ఉండవు, ఎంపికలు ఉండవు, టికెట్టు ఉండదు.

మా ఊళ్లో గొంతులకు కొదవ లేదు. భజనలో హార్మోనియం వాయించే పెద్దాయన ఉన్నారు. ఊడ్పు పాటలు గుక్కతిప్పుకోకుండా పాడే ఆడవాళ్లు ఉన్నారు. ఇంటర్ చదివే కుర్రాడొకడు నోటు పుస్తకం నిండా కవితలు రాసుకున్నాడు, ఇంట్లోవాళ్లకు కూడా చూపించలేదు. వీళ్లెవరికీ ఊరి ముందు నిలబడే సందర్భమే రాలేదు. పల్లెలో మైకు అంటే గుడికి, పెళ్లికి, ఎన్నికలకు.

ఎక్కడ పెట్టాలి, ఏ రోజుల్లో పెట్టాలి, ఒక్కొక్కరికి ఎంతసేపు ఇవ్వాలి? నడిపిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

రేవుదాటి (నరసాపురం) – డిసెంబరు 2, రాత్రి 9:25

చాలా సంతోషం. మా వీధిలో కొన్నేళ్లుగా చలికాలంలో ఇలాంటిది నడుస్తోంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా, వేదిక మీద కుర్చీలు వేయకండి. కుర్చీలు వేస్తే అధ్యక్షుడు కావాలి, అధ్యక్షుడు ఉంటే ముఖ్య అతిథి కావాలి, అతిథికి శాలువా కప్పాలి, కప్పాక ఆయన చేత మాట్లాడించాలి. మొదటి పాట వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు, దూరం నుంచి వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోతారు. మా దగ్గర పెద్దలు కూడా అందరితో పాటు చాపల మీదే కూర్చుంటారు. వాళ్లు పాడితే మైకు, లేకపోతే లేదు. దీనికి మొదట్లో కొందరు నొచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్లే అందరికంటే ముందు వచ్చి కూర్చుంటున్నారు.

పేర్లు వరుసగా రాసుకోకండి. జాబితా పెడితే ముందుగా వచ్చి రాయించుకునేవాళ్లు ప్రతిసారీ వాళ్లే అవుతారు. జంకేవాళ్ల పేరు చివర్లో పడుతుంది, వాళ్ల వంతు వచ్చేసరికి జనం పలచబడతారు. చీటీలు రాసి డబ్బాలో వేయించి, ఒక చిన్నపిల్ల చేత తీయించండి. మాకు సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు తిరిగి పంటు ఎక్కి గోదావరి దాటాలి, మంచు కమ్మితే అది నడవడం కష్టం. అందుకని అవతలి గట్టు వాళ్ల చీటీలు వేరే డబ్బాలో వేసి ముందు తీస్తాం.

సమయం మనిషికి ఐదు నిమిషాలు.

పద్యప్రియ (మండపేట) – డిసెంబరు 2, రాత్రి 10:05

రేవుదాటి గారూ, మిగతావన్నీ ఒప్పుకుంటాను గానీ ఐదు నిమిషాల నియమం పద్యానికి అన్యాయం చేస్తుంది. సీసం అంటే నాలుగు పెద్ద పాదాలు, వాటి కింద ఒక తేటగీతో ఆటవెలదో. రాగం తీసి, పాదం పాదానికీ భావం నిలబెట్టి పాడితే ఒక్క పద్యానికే ఆ సమయం చాలదు. మన వైపు పద్యం చదవరు, పాడతారు. తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలు అక్షరం రానివాళ్లకు కూడా నోటికి వచ్చాయంటే, వాటిని రంగస్థలం మీద రాగంతో విన్నందువల్లే. ఆ జంటలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు 1870లో మన కడియంలోనే పుట్టారు. ఆ నేల మీద పద్యానికి గడియారం పెడతామా? జనం వన్స్ మోర్ అంటే ఏం చేస్తారు, ఆపుతారా?

వచనం (అమలాపురం) – డిసెంబరు 3, ఉదయం 7:10

ఆపాలండీ. పద్యం మీద గౌరవం లేక అనడం లేదు. మా నాన్నగారు హార్మోనియం ముందు కూర్చుంటే నేను ఇప్పటికీ కదలను. కానీ ఆరితేరిన గొంతు పావుగంట సేపు ఆలాపన చేసి, రెండుసార్లు వన్స్ మోర్ అందుకున్నాక, కాలవగట్టు గారు చెప్పిన ఆ ఇంటర్ కుర్రాడు లేచి నోటు పుస్తకం తెరవగలడా? వాడి చీటీ తీసినా ‘నేను తర్వాత చదువుతాను’ అంటాడు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. బాగా పాడగలిగినవాళ్లకు గుళ్లో ఉత్సవం ఉంది, పెళ్లి కచేరీ ఉంది, ఇంకా ఎన్నో వేదికలు ఉన్నాయి. ఆ కుర్రాడికి ఉన్నది ఈ ఒక్కటే.

మా పక్క ఊళ్లో నిరుడు జరిగింది చెబుతాను. కొబ్బరి రైతు ఒకాయన, డెబ్బై దాటాయి, చీటీలో పేరు వేశారు. కొబ్బరికాయల దింపు లెక్కలు రాసుకునే కాగితం వెనక ఏదో రాసుకొచ్చారు. అద్దాలు పెట్టుకుని, కాగితాన్ని దీపం వైపు తిప్పుకుని చదివారు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు తన తోటలో పడిపోయిన చెట్లను ఒక్కొక్కటే చెప్పుకుంటూ వెళ్లారు. నూతి పక్కది. పాక మీద ఒరిగింది. నాన్న పాతింది. పెద్దకూతురు పుట్టిన ఏడు పాతింది. అంతే, వర్ణన ఒక్కటీ లేదు. అది కవితని ఆయన కూడా అనలేదు. నలభై దాటిన ప్రతి మనిషికీ ఆ రాత్రి తెలుసు. వెనక వరసలో ఒకావిడ ‘మా చింతచెట్టు కూడా’ అని పైకే అనేశారు. ఆయన తల ఊపి ఆ చెట్టును కూడా తన వరసలో కలిపి చదివారు. ఆయన తీసుకున్నది నాలుగు నిమిషాలు కూడా కాదు.

మైకుసెట్టు (రావులపాలెం) – డిసెంబరు 3, ఉదయం 9:30

సామాను గురించి నేను చెబుతాను, నా వృత్తే అది. రెండు వందల మంది కూర్చునే చోటుకు రెండు బాక్సులు చాలు. పెద్దవి అద్దెకు తెచ్చి ఊరంతా వినపడాలని చూడకండి, కవిత ఎదురుగా ఉన్నవాళ్లకే అర్థం కాకుండా పోతుంది. బాక్సులు పాడే మనిషి కంటే ముందు ఉండాలి, వెనక ఉంటే మైకు కీచుమంటుంది. స్టాండు పైకీ కిందికీ జరిగేది తీసుకోండి. పిల్లలు మునివేళ్ల మీద నిలబడి పాడటం, పొడుగువాళ్లు నడుం వంచి చదవడం చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. హార్మోనియంకు ఇంకో మైకు వేరే ఉండాలి. చీకటి పడ్డాక మంచు కురుస్తుంది కదా, ఆంప్లిఫయరు మీద గుడ్డ కాదు, రేకో ప్లాస్టిక్కో పందిరిలా కట్టండి. సంక్రాంతికి నెల ముందు నుంచి మైకులు దొరకవు, ఇప్పుడే చెప్పి ఉంచండి.

అరుగుమీద (పి.గన్నవరం) – డిసెంబరు 3, మధ్యాహ్నం 1:15

చోటు గురించి ఇంత ఆలోచన అవసరమా? ప్రతి ఊళ్లో రామాలయం ఉంది. అరుగు ఉంది, కరెంటు ఉంది, మైకు ఉంది, చాపలు ఉన్నాయి. ధనుర్మాసంలో ఎలాగూ జనం వస్తారు. పైసా ఖర్చు లేదు.

గొబ్బిపువ్వు (పాలకొల్లు) – డిసెంబరు 3, సాయంత్రం 4:50

ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. మన ఇళ్లలో పాట ఎక్కువగా ఉన్నది వాళ్ల దగ్గరే. గొబ్బి పాటలు, లాలి పాటలు, మంగళహారతులు, దంపుళ్ల పాటలు. కానీ మైకు దగ్గరికి రమ్మంటే రారు.

మా అత్తగారు అంతే. ఎంత పిలిచినా చాప మీద నుంచి లేవలేదు. అప్పుడు మా ఆడపడుచు స్టాండు నుంచి మైకు ఊడదీసి ఆవిడ దగ్గరికే పట్టుకెళ్లింది. తోటికోడళ్లు ఇద్దరూ చెరో పక్కన జరిగి కూర్చున్నారు. మొదటి చరణం కొంగు నోటికి అడ్డం పెట్టుకునే పాడారు, సగం మాటలు గుడ్డలోనే ఉండిపోయాయి. తోటికోడళ్లు పల్లవి అందుకునేసరికి కొంగు జారింది, రెండో చరణానికి గొంతు లేచింది. నేను కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. వంటింట్లో ఆవిడ పాడేది అందులో సగం కూడా కాదు.

మూడో చరణంలో ముందు వరస నుంచి ఒకరు ఫోను ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టారు. ఆవిడ చూశారు. చరణం మధ్యలోనే ఆపేసి మైకు ఇచ్చేశారు. ఆ రాత్రి మళ్లీ పాడలేదు. అందుకని మీరు ఏ నియమం పెట్టినా పెట్టకపోయినా, అడగకుండా వీడియో తీయకూడదన్నది మాత్రం మొదటి రోజే గట్టిగా చెప్పండి. మైకు మనిషి దగ్గరికి వెళ్లాలన్నది కూడా.

దూరతీరం (డల్లాస్) – డిసెంబరు 3, సాయంత్రం 6:20

గొబ్బిపువ్వు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మాలాంటివాళ్ల మాట కూడా వినండి. మా అమ్మ మామిడికుదురు దగ్గర ఒంటరిగా ఉంటుంది. ఇలాంటి సాయంత్రాల్లో ఆవిడ పాడుతుందని పక్కింటి వాళ్లు చెబితే తెలిసింది. నాకు వినాలని ఉండదా? నెట్లో ప్రత్యక్ష ప్రసారం పెడితే ఎంతమంది కొడుకులు, కూతుళ్లు చూస్తారు!

గొబ్బిపువ్వు (పాలకొల్లు) – డిసెంబరు 3, సాయంత్రం 6:45

తప్పకుండా వినాలి బాబూ. అమ్మగారిని మీరే అడగండి. సరే అంటే ఆవిడ పాట ఒక్కటి ధ్వని మాత్రం రికార్డు చేసి మీకు పంపమనండి. ప్రపంచమంతా చూసేలా పెట్టాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం.

చిర్రపుల్ల (రాజోలు) – డిసెంబరు 3, రాత్రి 8:30

అరుగుమీద గారికి. చోటు గురించి ఆలోచన అవసరమే. చాలా అవసరం.

మాది డప్పు కుటుంబం. మా తాత గుడి ఉత్సవాలన్నింటికీ డప్పు వాయించారు, గుడి బయట నిలబడి. ఇవాళ నన్ను ఏ గుమ్మం దగ్గరా ఎవరూ ఆపరు. కానీ మా అమ్మ ఆ మెట్టు ఎక్కే ముందు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఊళ్లో అందరికంటే ఎక్కువ ఊడ్పు పాటలు తెలిసిన మనిషి ఆవిడ. ఆవిడ పాట మీకు కావాలంటే, ఆవిడ ఆగి ఆలోచించకుండా వచ్చి కూర్చునే చోటు చూడండి. పేట వాళ్లను పిలిచాం, వాళ్లే రాలేదు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఎక్కడికి పిలిచారన్నది కూడా చూడాలి కదా.

మరో కారణం కూడా ఉంది. చలికాలం రాత్రి డప్పు వాయించాలంటే మంట కావాలి. మంచుకు చర్మం తడి పట్టి సాగుతుంది, శబ్దం మందగిస్తుంది. తాటాకు మంట వేసి, డప్పును చేత్తో తిప్పుతూ అంచుల నుంచి మధ్యకు కాచాలి. ఎక్కువసేపు ఒకచోట ఉంచితే చర్మం పగులుతుంది. మధ్యమధ్య వేలితో కొట్టి చూస్తూ, కణకణమన్నాక డప్పు కొట్టే పుల్లలు, అంటే చిర్ర, చిటికెన పుల్ల చేతికి తీసుకోవాలి. ఒక దరువు వాయించేసరికి మళ్లీ దిగుతుంది, మళ్లీ కాచాలి. నాపరాయి పరిచిన అరుగు మీద మంట వేయనిస్తారా? ఖాళీ నేల ఉన్న చోటు కావాలి. బడి ఆవరణ అన్నిటికంటే మంచిది. అక్కడ ఏ పేట పిల్లలైనా పక్కపక్కనే కూర్చుని చదువుకున్నవాళ్లే.

అరుగుమీద (పి.గన్నవరం) – డిసెంబరు 3, రాత్రి 9:40

చిర్రపుల్ల గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారు వచ్చి కూర్చోగలిగే చోటే సరైన చోటు. కాలవగట్టు గారూ, బడిలోనే పెట్టండి. మీ గుడి కమిటీ వాళ్లను జంపఖానాలు, దీపాలు బడికి పంపమని అడగండి. మా ఊళ్లో అయితే ఆ బాధ్యత నేను తీసుకుంటాను.

దాళ్వారైతు (తణుకు) – డిసెంబరు 4, ఉదయం 5:50

రోజుల సంగతి. డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి దాటే వరకు దాళ్వా (రెండో పంట వరి) దమ్ములు, ఊడ్పులు. ఊడ్పుకు వెళ్లే ఆడవాళ్లు తెల్లవారకముందే బయల్దేరతారు, రోజంతా నీళ్లలో వంగి పనిచేస్తారు. ఆ రోజుల్లో రాత్రి తొమ్మిది దాకా కూర్చోమంటే పాటలు తెలిసినవాళ్లే రారు. ఉద్యోగస్తులు, విద్యార్థులు మాత్రమే మిగులుతారు. పండగ మూడు రోజులూ అసలే వద్దు. ఊరు బంధువులతో నిండి ఉంటుంది, కోడిపందాల మైకుల హోరు ఒక పక్క, కనుమ నాడు మీ కోనసీమ అంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి (జాతరకు) కదులుతుంది.

ఊడ్పులు అయ్యాక జనవరి చివర్లో మొదలుపెట్టి శివరాత్రి వరకు నడపండి. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం ఉంటుంది, ఆ వారం వదిలేయండి. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించండి.

నిబంధన (భీమవరం) – డిసెంబరు 4, ఉదయం 10:20

చట్టం వైపు నుంచి కొన్ని సంగతులు. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. మీరు దాని మీద ఆధారపడకండి. పోలీసుల దగ్గర ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పరీక్షల కాలం దగ్గరపడుతుంది కాబట్టి పదో తరగతి పిల్లలున్న ఇళ్లవాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

సినిమా పాటలు పాడొచ్చా అని చాలామంది అడుగుతారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, వృత్తి కళాకారులు కాని సంఘం డబ్బు తీసుకోకుండా శ్రోతలకు వినిపిస్తే మినహాయింపు ఉంది. కాబట్టి టికెట్టు పెట్టకండి. ఆ పాటల్నే వీడియో తీసి నెట్లో పెట్టడానికి ఈ మినహాయింపు సరిపోదు. ఇంకొక ముఖ్యమైన సంగతి, ఆ కుర్రాడి కవిత మీద హక్కు రాసిన క్షణం నుంచి వాడిదే. వాడి జీవితకాలమంతా, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. వాడిని అడగకుండా ఎవరి పేజీలోనూ పెట్టకూడదు. గొబ్బిపువ్వు గారి నియమానికి చట్టం కూడా తోడుంది.

హెచ్చుశ్రుతి (కాకినాడ) – డిసెంబరు 4, సాయంత్రం 7:00

మృదంగం వాయిస్తాను. చిర్రపుల్ల గారు డప్పు గురించి చెప్పింది మా వాద్యాలకు కూడా వర్తిస్తుంది. కాకినాడ సరస్వతీ గానసభ కచేరీల్లాంటివి హాల్లో జరుగుతాయి, శ్రుతి నిలుస్తుంది. ఆరుబయట మంచులో మృదంగం కుడి మూత సాగి శ్రుతి దిగిపోతుంది, పాటకు పాటకు మధ్య సరిచేసుకోవాల్సిందే. వేణువు మొదట్లో కాస్త తగ్గు శ్రుతి పలికి, ఊపిరి వెచ్చదనానికి మెల్లగా పైకి వస్తుంది. అందుకని వాద్యాలు తెచ్చినవాళ్ల చీటీ రాగానే వెంటనే పాడమనకండి. మధ్యలో ఒక కవిత చదివించండి, ఈలోగా వీళ్లు శ్రుతి చేసుకుంటారు. కవితలకూ పాటలకూ ఇంతకంటే మంచి పొత్తు నాకు తోచదు.

శ్రుతి పెట్టెకు కరెంటు పాయింటు ఒకటి ఉంచండి. బాలమురళీకృష్ణ గారు 1930లో పుట్టింది రాజోలు వైపు శంకరగుప్తంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లెలో. పల్లె గొంతుకు శ్రుతి ఎందుకులే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పద్యప్రియ (మండపేట) – డిసెంబరు 4, రాత్రి 9:15

చర్చంతా చదివాను. కొబ్బరి రైతు కవిత దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నా ప్రతిపాదన ఇది. మనిషికి ఒక్కటే: ఒక పాట, లేదా ఒక కవిత, లేదా ఒక పద్యం. పద్యం సీసమైతే అది పూర్తయ్యే వరకు ఆపవద్దు, కానీ రెండోది ఇవ్వవద్దు. వన్స్ మోర్‌లు అన్నీ రాసి పెట్టుకోండి. చీటీలన్నీ అయ్యాక ఎనిమిదిన్నర లోపు సమయం మిగిలితే అప్పుడు పాడించండి. వచనం గారికి సమ్మతమేనా?

వచనం (అమలాపురం) – డిసెంబరు 4, రాత్రి 9:30

సమ్మతమే. ఆ మిగిలిన సమయంలో మీరు పాడితే నేను ముందు వరసలో కూర్చుంటాను.

కాలవగట్టు (ముమ్మిడివరం వైపు) – డిసెంబరు 6, రాత్రి 8:10

అందరికీ నమస్కారాలు. నిన్న బడి ప్రధానోపాధ్యాయురాలిని కలిశాం. ఆవరణ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మర్నాడు ఊడ్చి అప్పగించాలన్నారు. మంట విషయం మాత్రం ఆలోచించి చెబుతానన్నారు. జనవరి ఆఖరి శనివారం మొదలు. చీటీల డబ్బా బడి పిల్లలే తయారుచేస్తామన్నారు. కుర్చీలు లేవు. ఊరి పెద్దలు ఇద్దరు ఇంకా అలకలో ఉన్నారు, వాళ్ల ఇంటికి మళ్లీ వెళ్తాం.

నోటు పుస్తకం కుర్రాడితో మాట్లాడాను. చదువుతానని అనలేదు, వద్దని కూడా అనలేదు. మొదటి వారం చీటీల డబ్బా పట్టుకుని నిలబడతానన్నాడు. బలవంతం చేయలేదు.

చిర్రపుల్ల (రాజోలు) – డిసెంబరు 6, రాత్రి 8:35

మంట ఆవరణలో పశ్చిమం వైపు మూల వేసుకుంటాం, గాలి తరగతి గదుల వైపు పోకుండా. పక్కన రెండు బిందెల నీళ్లు, ఇసుక పెడతాం. మేడమ్ గారికి ఈ మాట చెప్పండి. తాటాకులు నేను తెస్తాను. అమ్మతో చెప్పాను. బడి అయితే వస్తానంది, ఇద్దరు జతగత్తెలను కూడా వెంటబెట్టుకుని వస్తానంది.

హెచ్చుశ్రుతి (కాకినాడ) – డిసెంబరు 6, రాత్రి 9:00

నేనూ వస్తాను. మీ అమ్మగారు ఏ శ్రుతిలో పాడతారు? ఆడవాళ్లకు చాలావరకు ఐదు, ఐదున్నర ఉంటుంది. దానికి చిన్న మృదంగం తేవాలి, మగవాళ్ల ఒకటో శ్రుతికి పెద్దది. రెండూ బస్సులో మోసుకురావడం కష్టం.

చిర్రపుల్ల (రాజోలు) – డిసెంబరు 6, రాత్రి 9:20

ఆవిడ పాటను ఎవరూ ఎప్పుడూ శ్రుతి పెట్టి చూడలేదండీ. కాలవగట్టు గారూ, మీ ఊరి హార్మోనియం పెద్దాయన ఈ ఆదివారం ఖాళీగా ఉంటారా? అమ్మను తీసుకుని వస్తాను. ఆయన ఏ మెట్టు చెబితే అది ఇక్కడ రాస్తాను.

కాలవగట్టు (ముమ్మిడివరం వైపు) – డిసెంబరు 6, రాత్రి 9:30

ఉంటారు. భోజనానికి మా ఇంటికే రండి.